మైదా జిగురుతో అంటించిన కాగితం

బైండింగు మస్తాన్ గారు పోయారని శుక్రవారం ఉదయం రెడ్డిగూడెం తోటలో ఉండగా ఫోను వచ్చింది. ఆయనకు చెప్పవలసిన మాట ఒకటి ఆరేళ్లుగా నా దగ్గరే ఉండిపోయింది. ఇక అది ఆయనకు చేరదు. అందుకే తిరువూరు పాఠకులకు చెబుతున్నాను.

బస్టాండు వెనక ఆయన అద్దె పుస్తకాల కొట్టు చాలామందికి గుర్తుండే ఉంటుంది. చినిగిన పుస్తకాన్ని విప్పి, కుట్టి, కొత్త అట్ట వేసేవారు. సీసాలో అమ్మే జిగురు ముట్టేవారు కాదు. మైదాపిండి ఉడికించుకునేవారు. "అంటించింది మళ్లీ ఊడొచ్చేలా ఉండాలండి. రేపు ఎవరికి ఏం అవసరమొస్తుందో" అనేవారు.

ప్రతి పుస్తకం చివర ఒక తెల్లకాగితం కుట్టేవారు. చదివినవారు అందులో ఒక్క వాక్యం రాయాలి. "కథ చివర చెప్పేశారంటే మాత్రం, ఈసారి వ్యాకరణం పుస్తకమే ఇస్తా" అని పిల్లల్ని బెదిరించేవారు.

మా అమ్మాయి పావని పదో తరగతి సెలవుల్లో ఆయన దగ్గర ఒక ఇంగ్లీషు సస్పెన్సు నవల తెచ్చుకుంది. కలవారి మేడలో పెరిగే పదహారేళ్ల పిల్ల, ఆ మేడలో అందరికీ తెలిసీ ఎవరూ ఎత్తని ఒక సంగతి. అదీ కథ. మూడు రోజులు అన్నం దగ్గర కూడా పుస్తకం వదల్లేదు. నాలుగో రోజు అడిగింది.

"నాన్నా, సుశీలత్త నిజంగా చనిపోయిందా?"

"ఎవరు చెప్పారే నీకు?"

"ఎవరూ చెప్పలా. మనింట్లో పోయినవాళ్లందరికీ దండేసిన ఫొటోలున్నాయి. అత్తకి లేదేంటి?"

సుశీల మా అక్క. లారీ డ్రైవరును పెళ్లి చేసుకుంది. ఆమె పోయిందని పిల్లలకు చెప్పి పెంచాం. గంపలగూడెంలో బట్టలు కుడుతూ బతికే ఉంది.

పుస్తకం లాక్కుని చివరి కాగితం చూశాను. "ఈ మేడలో వాళ్లు మాలాంటివాళ్లే. మా సుశీలత్త కూడా చనిపోలేదు." ఊరంతా చేతులు మారే పుస్తకం అది. నేరుగా కొట్టుకు వెళ్లాను.

"ఈ కాగితం చించెయ్, మస్తాను."

నాకంటే ఇరవై ఏళ్లు పెద్దాయన. అప్పుడు 'గారు' అనలేదు.

"పిల్ల రాసుకుంది బాబూ, చించను. ఇక్కడ పెట్టెళ్లండి, నేను చూసుకుంటా."

పుస్తకం ఆయన బల్ల మీద పడేసి వచ్చాను. మర్నాటి నుంచి నలుగురు కూర్చున్నచోటల్లా ఒకటే మాట అన్నాను: మస్తాను ఆడపిల్లలకు పాడు పుస్తకాలు ఇస్తున్నాడని. ఆ నవల నేను ఒక్క పేజీ చదవలేదు. ఏదీ ఆ పుస్తకం అని నన్ను ఎవరూ అడగలేదు. మా ఇంటి మాటకు ఊళ్లో ఉన్న విలువ అలాంటిది. నెల తిరిగేసరికి పిల్లలు రావడం మానేశారు. ఆయన బల్ల మీద బడి రిజిస్టర్లు తప్ప ఏమీ మిగల్లేదు. ఆ చివరి కాగితం ఒక్కరికి చూపించినా నా కోపం దేనికో తెలిసిపోయేది. ఆయన చూపించలేదు.

ఆయన పోయిన మూడో రోజు వాళ్లింటికి వెళ్లాను. భార్య ఖాసింబీ గారు ఆ నవల తెచ్చి నా చేతిలో పెట్టారు.

"మీకివ్వమని దాచారు. 'వస్తాడులే' అనేవారు."

చివరి కాగితం మీద మరో తెల్లకాగితం అంటించి ఉంది. ఇంటికి తెచ్చి తడిగుడ్డ అద్దితే మెల్లగా ఊడొచ్చింది. కింద పావని బాల్‌పెన్ను అక్షరాలు ఒక్కటీ చెదరలేదు.

ఆ నవల ఇప్పుడు చదివాను. అందులో పాడు మాట ఒక్కటీ లేదు. తెలిసీ నోరు మెదపని పెద్దవాళ్లున్నారు, అంతే.

మస్తాన్ గారు ఏ పిల్లకూ చెడ్డ పుస్తకం ఇవ్వలేదు. నేను అబద్ధం చెప్పాను. నా ఇంటి పరువు కోసం ఆయన పరువు తీశాను. ఆయన మాత్రం నా పరువును ఆరేళ్లు జిగురు వేసి కాపాడారు. ఆ చేతులకు నమస్కరించడం తప్ప ఇప్పుడు నేను చేయగలిగింది లేదు.

పావని వాక్యం కింద "నిజమే" అని రాసి సంతకం పెట్టాను. నిన్న ఆ పుస్తకంతో గంపలగూడెం వెళ్లాను. అక్క మిషను ఆపలేదు. కుట్టు పూర్తయ్యాక చివరి కాగితం రెండుసార్లు చదివింది.

"దీన్ని ఎప్పుడు తిరిగివ్వాలిరా?" అంది.

తీసుకునే మనిషి లేడని చెప్పాను.