బావగారి హౌస్‌కీపింగ్

మా బావకు స్టీలు ప్లాంటులో హౌస్‌కీపింగ్ షీల్డు వచ్చింది. తను పనిచేసే షాపులో, అంటే విభాగంలో, వాడకుండా పడున్న ప్రతి వస్తువునూ స్క్రాప్ యార్డుకు తోలించినందుకు ఇచ్చారు. అక్కడితో ఆగితే లోకానికి మేలు జరిగేది. ఆ విద్యను సెక్టర్ టూలోని అక్కావాళ్ల క్వార్టర్లో, కొత్తగా కొన్న కంప్యూటర్ మీద కూడా ప్రయోగించాడు.

తారీఖులు చూసి పాత ఫైళ్లన్నీ చెరిపేశాడు. కమాండ్ డాట్ కామ్ అనే ఫైలు లేనిదే కంప్యూటర్ లేవదు. కానీ దాన్ని ఆయన ఎన్నడూ తెరిచి చూడలేదు, తారీఖు చూస్తే ఏనాటిదో. కాబట్టి అదీ స్క్రాపే. అలా దొరికిన ఖాళీలో అదే పూట పేకాట గేమొకటి ఎక్కించుకున్నాడు. మర్నాడు కంప్యూటర్ నల్లతెర మీద ఒక ఇంగ్లిషు ముక్క చూపించి బిగుసుకుపోయింది. ప్లాంటులో స్నేహితుడెవరో మొత్తం ఫార్మాట్ కొట్టేయమన్నాడట. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకోమనే రకం.

దుర్గ్‌లో కంప్యూటర్ కోర్సు చేస్తున్న నన్ను అక్క పిలిపించింది. ఆమె ప్రైవేటుగా ఎం.ఏ. చదువుతోంది. ప్లాంటు కట్టే రోజుల్లో శ్రీకాకుళం నుంచి వచ్చి తట్టలు మోసిన ఆడవాళ్ల మాటలు, వాళ్లుండే క్యాంప్ వన్ బస్తీ సందులన్నీ తిరిగి విని వచ్చి, వ్యాసంగా టైపు చేసుకుంది. ఇంకో కాపీ లేదు. అది దక్కుతుందా అన్నదే ఆమె బెంగ.

నా ఫ్లాపీతో స్టార్ట్ చేశాను. కమాండ్ డాట్ కామ్ వెంటనే ఎక్కించెయ్యమని బావ తొందరపెట్టాడు. ముందు డిస్కు మీద ఏమీ రాయకూడదని చెప్పాను. చెరిపినా ఫైలు అక్కడే ఉంటుంది, పేరులో మొదటి అక్షరం మాత్రం పోతుంది, దాని మీద కొత్తది పడితేనే నిజంగా పోయినట్టు. మరదలు చెబితే వినే రోజు ఆయన జాతకంలో లేదు. షట్‌డౌన్‌లో ఫర్నేస్ ఎలా బాగుచేస్తారో నాకు పాఠం చెప్పాడు.

అన్‌డిలీట్ అని కొట్టాను. చెరిపిన ఫైళ్ల వరస వచ్చింది. అందులో అక్క వ్యాసం, మొదటి అక్షరం చోట ప్రశ్నార్థకంతో. అదీ ఆయన చేతి చలవేనని అప్పుడు తెలిసింది. నేను అక్క మొహం చూడలేకపోయాను.

బావ తొణకలేదు. "రెండు నెల్లనుంచి ఎవులూ ముట్టుకోనేదు, తారీఖు సూడు. పడున్నదంతా కబాడే, తుక్కే గదా."

ఆ రెండు నెలలూ ఆయన తల్లి తుంటి విరిగి పక్క గదిలో మంచం మీద ఉంది. తినిపించడం, పక్క మార్చడం, బెడ్‌పాన్ ఎత్తడం అన్నీ అక్కే. ఈయన గుమ్మంలోంచే కుశలం అడిగి డ్యూటీకి పోయేవాడు. నాకు ఒళ్లు మండింది.

కంప్యూటర్ మొదటి అక్షరం అడిగింది. అక్క వంగి తనే కొట్టింది. సగం వ్యాసం వచ్చింది. తక్కిన సగం ఉండాల్సిన చోట పేకాట కూర్చుంది. వచ్చినదంతా ఫ్లాపీలోకి ఎత్తుకుని, అప్పుడు కమాండ్ డాట్ కామ్ పెట్టాను. కంప్యూటర్ లేచింది. ఏమీ కాలేదు కదా అన్నట్టు బావ నవ్వాడు.

అక్క గొంతు పెంచలేదు. "రేపట్నించి మీ అమ్మకాడ మీరు కూకోండి. నేను క్యాంప్ వన్ ఎల్లాల."

డ్యూటీ ఉందని బావ నసిగాడు.

"సెలవెట్టండి," అంది.

పెట్టాడు. అక్క వెళ్లింది. తక్కిన సగంలోని ఆడవాళ్లు విసుక్కోకుండా మళ్లీ చెప్పారు. ఒక ముసలావిడ మాత్రం ఆ మధ్యనే పోయింది. ఆవిడ చెప్పిందేదీ ఇప్పుడు ఎక్కడా లేదు.