పసుపు చుక్క చెరిగిన మెట్టు

మొన్న మా మనుమరాలికి కీబోర్డు కొన్నారు. మెట్ల మీద సరిగమల స్టిక్కర్లు అంటించుకుని, పాట శ్రుతి గొంతుకు అందకపోతే ఒక మీట నొక్కి 'స'ను పైకో కిందికో జరుపుకుంటోంది. ఆ మీట టిక్కుమనగానే, నిజామాబాద్‌లో మా ఇంటి వసారాలో కూర్చున్న నాకు అరచేతులు చెమర్చాయి. ఈ వయసులో చేతులకు ఇంత జ్ఞాపకం ఉంటుందని అనుకోలేదు.

మాది బోధన్ దగ్గర చెరకు పండే పల్లె. నేను బడికి పోలేదు. అక్షరాలూ స్వరాలూ రెండూ మా నాన్న, బాపు దగ్గరే, పొద్దుటి పూజ అయ్యాక, హార్మోనియం పెట్టె ముందు కూర్చుని నేర్చుకున్నాను. నాకు గుర్తుండాలని బాపు, మూడు నల్లమెట్లు పక్కపక్కనే ఉన్నచోట మొదటిదాని మీద రోజూ పసుపు చుక్క పెట్టేవాడు. అదే 'స', అదే మన ఇల్లు, పాట ఎంత తిరిగినా చివరికి ఇంటికే రావాలని చెప్పేవాడు. అక్కడి నుంచి అయిదు నల్లమెట్లూ వరసగా వాయిస్తే భూప్ రాగం, మోహన అన్నా అదే. చుక్కకు దండం పెట్టుకుని వాయించేదాన్ని గనుక, 'స'ను దేవుడే ఆ మెట్టు మీద కూర్చోబెట్టాడని నమ్మేశాను.

నాకు పదమూడేళ్లప్పుడు అమ్మను కడుపులో గడ్డ అని నిజామాబాద్ దవాఖానలో చేర్చారు. ఆపరేషన్ నాడు పొద్దు పొడిచింది మొదలు పొద్దు గుంకేదాకా మా ఇంట్లో భజన తెగకుండా సాగిస్తానని మేనత్త మొక్కుకుంది. పాడేవాళ్లు వంతులు మారవచ్చు గానీ పెట్టె నాదం ఆగకూడదు. అమ్మ దగ్గర మేనమామ, పెట్టె దగ్గర బాపు. మధ్యాహ్నం చక్కెర మిల్లు సైరను కూసిన కాసేపటికి మేనమామ మనిషిని పంపాడు. రక్తం ఇవ్వాలట, బాపును వెంటనే రమ్మన్నారట. బాపు పెట్టెకు గాలి కొట్టే తిత్తి మీది చేయి తీయకుండానే నన్ను పక్కకు పిలిచి, ఆ చేతి కింద నా చేయి పెట్టి, నాదం తెగకుండా లేచి వెళ్లిపోయాడు.

మేనత్త భూప్‌లో పాడినంతసేపూ సులువుగానే గడిచింది. ఆ తర్వాత మా అవ్వ తమ్ముడు, సరిహద్దు అవతల మరాఠీవాళ్ల నడుమ ఉండే చిన్నతాత, తాళాలు అందుకున్నాడు. రాత్రిళ్లు పాడే మాల్కౌన్స్ రాగాన్ని పట్టపగలే ఎత్తుకున్నాడు. నా వేలు అలవాటుగా పసుపు చుక్క మీద ఆగింది, ఆయన గొంతు అక్కడ ఆగలేదు. కంగారుపడి తెల్లమెట్ల మీద వెతకబోతే ఒక్కొక్కటీ అన్నంలో రాయిలా తగిలింది.

"ఏందే పిల్లా, పెట్టె వాయిస్తున్నవా, బర్రెలను తోలుతున్నవా?" అంది మేనత్త. నేను బిక్కచచ్చి చూసేసరికి ఆమె గొంతు మారిపోయింది. "ఆపకు బిడ్డా... నీ కాల్మొక్త, ఆపకు."

నాదం ఆగితే అక్కడ అమ్మ ఊపిరి ఆగుతుందని నాకు రూఢి. చేతి చెమటకు పసుపు చుక్క ఎప్పుడు చెరిగిందో, నల్లమెట్లన్నీ ఒక్కలాగే కనబడ్డాయి. ఇక చూడటానికేమీ లేక, విన్నాను. చరణం చివర చిన్నతాత దిగివచ్చి ఆగేచోటు ఒక్కటే, ఆ మూడు నల్లమెట్లలో చివరిది. దాన్ని ఇల్లనుకుని బయలుదేరాను. భూప్‌లో వాయించిన అయిదు మెట్లే మళ్లీ ఎదురొచ్చాయి, ఒక్కటీ కొత్తది కాదు. ఇల్లొక్కటే మారింది. అంతకుముందు నవ్విన మెట్లే ఇప్పుడు దుఃఖం దిగమింగుకున్న మనుషుల్లా ఉన్నాయి.

"ఇల్లు దొరికిందా బిడ్డా?" అన్నాడు చిన్నతాత ఊపిరి పీల్చుకుంటూ. తలూపాను.

పొద్దు గుంకింది, హారతీ అయింది, బాపు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. మసకచీకట్లో ముఖం తెలియలేదు. మొక్కు తీరినా నా చేయి తిత్తిని వదల్లేదు. బాపే వచ్చి ఆ చేయి పట్టుకుని ఆపాడు.

"మీ అమ్మ మంచినీళ్లడిగిందే" అన్నాడు.

ఆ స్వామి దయ, ఆ తర్వాత పాతికేళ్లు అమ్మ చేతి నీళ్లు తాగాను. పెళ్లై నిజామాబాద్ వచ్చినప్పుడు, నా మనసులోని మెట్లు అవే, ఇల్లు మాత్రమే మారిందని చెప్పుకుని కళ్లు తుడుచుకున్నాను. ఇప్పుడు ఆ మిల్లు సైరను లేదు, తెగకుండా పాడే గొంతులూ లేవు, మీట నొక్కితే 'స' తానే నడిచివస్తోంది. పిల్లకు ఆ భయం లేనందుకు సంతోషమే, అయినా దానికి ఇల్లు వెతుక్కునే పని ఎప్పుడు పడుతుందా అనిపిస్తుంది.

బాపు పెట్టె నా దగ్గరే ఉంది. రోజూ పూజ అయ్యాక పసుపు చుక్క పెడతాను. ఏ మెట్టు మీద పెట్టాలో తేలక, ఈమధ్య మూత మీదే పెడుతున్నాను.