ముందున్న బండ్ల లెక్క

నెల్లూరులో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఫ్రంట్ ఎండ్ డెవలపర్‌గా చేరిన రెండో ఏడు, ఏప్రిల్ నెలలో ఒక సోమవారం, నన్ను అల్లూరు దగ్గరి రొయ్యల ప్లాంటు గేటుకు పదిహేను రోజుల డ్యూటీ మీద పంపారు. అప్పటికి నా హోదా ట్రెయినీకి ఒక మెట్టు పైన, సీనియర్‌కు రెండు మెట్లు కింద. ఆ ఉద్యోగం మానేసి ఇప్పుడు పాలిటెక్నిక్‌లో పాఠాలు చెబుతున్నాను. ముప్పై నిండకుండానే ఉద్యోగ జ్ఞాపకాలేమిటని ఇంట్లో నవ్వుతున్నారు. మా పనిలో వయసు లెక్క వేరు. నేను నేర్చుకున్న కోడు లైబ్రరీ పేరు చెబితే నా విద్యార్థులు చెల్లని నాణెం చూసినట్టు చూస్తారు.

ఫ్రంట్ ఎండ్ అంటే మనిషి కంటికి కనబడే తెర పని. ఆ తెర ఏ క్షణానికి ఏవి గుర్తుపెట్టుకోవాలో వాటన్నిటినీ కలిపి స్టేట్ అంటాం. పాత పద్ధతిలో ఒక విషయం మారితే, అది కనబడే ప్రతి చోటికీ వెళ్ళి మనమే దిద్దాలి. రియాక్టివ్ పద్ధతిలో ఒకచోట దిద్దితే చాలు, దాని మీద ఆధారపడినవన్నీ వాటంతటవే మారతాయి. మార్కుల షీటులో లెక్కల మార్కు దిద్దగానే కింద మొత్తం మారినట్టు. చెప్పడానికి ఇంతే. ఇంత చిన్న విషయాన్ని తప్పుగా చేయడానికి నాకు మూడు వారాలు పట్టింది.

ప్లాంటు వాళ్ళ ఇబ్బంది ఇది. గుంటల్లో రొయ్యలు పట్టే పట్టుబడి రోజుల్లో చుట్టుపక్కల నుంచి బండ్లు ఒకేసారి గేటు ముందుకు వస్తాయి. గేటు దగ్గర చెట్టన్నది లేదు. వంతు వచ్చేదాకా బండ్లు ఎండలో నిలబడితే క్రేట్లలో ఐసు కరుగుతుంది. ఐసు కరిగితే రొయ్య మెత్తబడుతుంది, గ్రేడు పడిపోతుంది. అర కిలోమీటరు వెనక రోడ్డు పక్కన కానుగ చెట్ల నీడ ఉంది. రైతు తన ఫోనులో 'మీ ముందు ఇన్ని బండ్లు' అని చూసుకుంటూ ఆ నీడలో ఆగి, ఒక్క బండి మిగలగానే బెల్ మోగితే గేటుకు రావాలి. అది నేను రాసిన పేజీ. పదిహేను రోజులు సరిగ్గా నడిస్తే ప్లాంటు వాళ్ళు తీసుకుంటారు.

"నువ్వు రాసినావు కాబట్టి నువ్వే పో. రైతులతో మాట్లాడి ఎట్టుందో కనుక్కో," అన్నాడు మా టీమ్ లీడ్ సుధాకర్ అన్న. 'మాట్లాడి' అన్న మాట తర్వాత నాకేమీ వినబడలేదు.

గేటు దగ్గర యేసురత్నం గారుండేవారు. అరవైకి దగ్గర మనిషి. గోడకు నల్లరంగు పూసిన రేకు, చేతిలో సుద్దముక్క. వచ్చిన బండి పేరు కింద రాయడం, లోపలికి పోయిన బండి పేరు చెరపడం ఆయన పద్ధతి. మేము ఆయనకొక ట్యాబ్ ఇచ్చాం. అందులో మూడు బటన్లు: 'తర్వాతి బండి', 'వెళ్ళిపోయింది', 'చివరికి'. పిలిచినప్పుడు గేటు దగ్గర లేని బండి పేరు వరసలో చివరికి పోతుంది. ఇది ఆయన ఎప్పటినుంచో పెట్టిన నియమం. ఆయన ట్యాబ్ నొక్కేవారు, దాంతోపాటు రేకు మీదా రాసేవారు.

"రెండూ ఎందుకండీ?" అని మూడో రోజున ధైర్యం చేసి అడిగాను.

"నీ దాంట్లో చార్జింగ్ అయిపోతాది పాపా. సుద్దముక్క అయిపోతే ఇంకోటి తీసుకుంటా," అన్నారు.

రైతులు కూడా ఆయన పక్షమే. లింకు తెరిచి చూసేవాళ్ళు, బాగుందనేవాళ్ళు, బండి మాత్రం గేటు ముందే పెట్టేవాళ్ళు. ఎదురుగా రేకుండగా ఫోనెందుకని వాళ్ళ వాదన. నేను గేటు పక్క గదిలో కూర్చుని, ఎవరూ మాట్లాడించకుండా ఉండటానికి పుస్తకం అడ్డం పెట్టుకునేదాన్ని.

ఆరో రోజు శనివారం. పొద్దెక్కేసరికి వరసలో చాలా బండ్లున్నాయి. ఆ రోజు నా పేజీని నమ్మి నీడలో ఆగిన మనిషి ఒక్కరే. పేరు కోటేశ్వరమ్మ గారు. రెండెకరాల గుంట కౌలుకు తీసుకుని, మొదటి పంట జబ్బొచ్చి పోగా, రెండో పంట పట్టుకుని మినీ వ్యానులో తెచ్చారు. కనీసం ఒక్కరినైనా అభిప్రాయం అడిగితే సుధాకర్ అన్నకు చెప్పుకోవచ్చని పదకొండున్నరకు నేను చెట్ల దగ్గరికి నడిచాను.

ఆమె కొంగుతో విసురుకుంటూ సిమెంటు దిమ్మ మీద కూర్చుని ఉన్నారు. అడగక ముందే మొదలుపెట్టారు.

"నువ్వేనా ఫోనులో పెట్టిన పాప? నీ పుణ్యాన చల్లగా కూర్చోనుండా. ఆ మగోళ్ళు చూడు, ఎండలో పకోడీల మాదిరి వేగతాండారు. ఇంక రెండు బండ్లే ఉండాయి నాకు."

ఫోను చూపించారు. 'మీ ముందు 2 బండ్లు.' కింద పచ్చరంగు గీత. ఆ రంగు ఎంచుకోవడానికి నేను ఒక పూటంతా ఖర్చుపెట్టాను. నా ఫోనులో మొత్తం వరస కనబడుతుంది. తెరిచి చూశాను. ఆమె పేరు అట్టడుగున ఉంది. ముందు పది బండ్లున్నాయి.

తప్పు ఎక్కడ జరిగిందో అక్కడే నిలబడి అర్థం చేసుకున్నాను. రైతు పేజీ తెరవగానే నా కోడు వరసను ఒకసారి చూసి, ముందున్నవి, ఆమె విషయంలో తొమ్మిది, అని లెక్కబెట్టి, ఆ తొమ్మిదిని విడిగా రాసిపెట్టుకుంటుంది. 'తర్వాతి బండి' నొక్కినప్పుడల్లా అందులోంచి ఒకటి తీసేస్తుంది. ఆఫీసులో నేను పరీక్షించినప్పుడు బండ్లన్నీ బుద్ధిగా ఒకదాని వెనక ఒకటి వెళ్ళాయి. ఏదీ అలిగి వెనక్కి పోలేదు. ఆ పొద్దున ఆమెకు ముందున్న తొమ్మిదిలో మూడు బండ్లు ఇంకో కొనుగోలుదారు పిలిస్తే వెళ్ళిపోయాయి. యేసురత్నం గారు 'వెళ్ళిపోయింది' నొక్కితే వరస తగ్గింది, రాసిపెట్టుకున్న అంకె తగ్గలేదు. ఆమె వంతు వచ్చి, పిలుపు అయి, పేరు చివరికి పోయేసరికి ఫోను ఇంకా మూడంటోంది. బెల్ మోగలేదు. ఆమె వెనకాల ఉన్న బండి లోపలికి పోగానే ఆ మూడు కాస్తా రెండయింది.

"ఏంది పాపా, అట్టా చూస్తాండావు? బాగలేదా నా ఫోను?"

"ఫోను బాగుందండీ. నేను రాసింది తప్పు," అన్నాను. విషయం చెప్పాను. ఆమె లేచి వెళ్ళి వ్యాను పరదా ఎత్తి, పై క్రేటులో చెయ్యి పెట్టి చూశారు. చెయ్యి మోచేతి దాకా నీళ్ళతో బయటికొచ్చింది. "ఇంకో పది బండ్లంటే నిలవదు," అన్నారు.

నేను గేటుకు పరుగెత్తి యేసురత్నం గారికి చెప్పాను. ఆయన విని సుద్దముక్క పక్కన పెట్టారు.

"ఎట్టా ముందేసేది? రేపు ఇంకోడొచ్చి నా ఫోనూ తప్పు చెప్పిందంటాడు. ఈళ్ళొప్పుకుంటే నాకేం. నువ్వే అడుగు."

"మీరు చెప్పండి, మీ మాట వింటారు."

"తప్పు నీదైతే నేనెందుకు చెప్తా తల్లీ?"

ఎండలో పది బండ్ల మనుషులు నిలబడి ఉన్నారు. నేను ఏదో అన్నాను.

"వినబళ్ళా. సౌండు పెంచు పాపా," అన్నాడొక డ్రైవరు. అందరూ నవ్వారు.

రెండోసారి గట్టిగానే చెప్పాను. ఫోను కాదు, నేను తప్పు రాశాను, ఆమె వంతు పోయింది, ఐసు కరిగిపోతోంది, ముందు పోనివ్వండి.

"అయితే మా ఐసు కరగదా? ఆమెది ఐసు, మాది గాజా?" అన్నాడు టోపీ పెట్టుకున్న రైతు.

"నువ్వు పైన తడిగోతాలు కప్పినావు గదన్నా," అన్నాడు పక్క బండి మనిషి. "పొద్దున్నించీ గోతాలు కప్పిన సంగతి నలుగురికీ చెప్పుకున్నావు కూడా."

మళ్ళీ నవ్వులు. చివరికి టోపీ రైతే చెయ్యి ఊపాడు. అప్పటికే బండ్లు గేట్లోకి తిప్పుకున్న ఇద్దరు పోయాక ఆమెను పోనివ్వమన్నాడు. పైగా, "ఇంకెప్పుడన్నా నీ ఫోను నమ్మమని చెప్పు, అప్పుడు చెప్తా," అన్నాడు.

కోటేశ్వరమ్మ గారి బండి లోపలికి పోయింది. పరీక్ష చేసే క్వాలిటీ అమ్మాయి పైనున్న రెండు క్రేట్లు పక్కన పెట్టించింది. అవి తక్కువ గ్రేడుకు పోయాయి. మిగతాది నిలిచింది. బయటికొచ్చాక ఆమె నన్ను వెతుక్కుంటూ వచ్చారు.

"సోమారం మా చెల్లెలి గుంట పట్టుబడి. ఫోను చూసుకోమని చెప్పనా, ఎండలో నిలబడమని చెప్పనా?"

"సాయంత్రం ఫోన్ చేసి చెబుతానండీ," అన్నాను.

మధ్యాహ్నం లాప్‌టాప్ తెరిచే ముందు యేసురత్నం గారిని అడిగాను. మూడు బండ్లు మధ్యలో పోయినా రేకు మీద లెక్క ఎలా తప్పలేదని.

"నేనేం లెక్క రాసినా?" అన్నారు. "పేర్లు రాస్తా, చెరిపేస్తా. ఎవురి ముందు ఎన్నుండాయో చూసేటోడు లెక్కబెట్టుకుంటాడు. పక్కన అంకెలేస్తే ఒక పేరు చెరిపినప్పుడల్లా అన్నీ దిద్దాల. నాకంత ఓపిక లేదు పాపా."

నాకుంది. అదే సమస్య. రాసిపెట్టుకునే అంకెను, దాన్ని తగ్గించే కోడు లైన్లన్నిటినీ తీసేశాను. గుర్తుంచుకునేది వరస ఒక్కటే. అది ఎలా మారినా, ముందున్న బండ్లు అప్పటికప్పుడు అందులోంచే లెక్కకు వస్తాయి. బెల్ కూడా ఆ లెక్కనే వింటుంది. ఈసారి పరీక్షలో బండ్లను మధ్యలోంచి తీశాను, చివరికి తోశాను, మళ్ళీ తెచ్చాను. నా మార్పు చూసి సుధాకర్ అన్న, "రాసినదానికన్నా పీకేసిందే ఎక్కువుందే," అన్నాడు. ఆ తర్వాత కోటేశ్వరమ్మ గారికి ఫోన్ చేసి, చెల్లెల్ని నీడలోనే ఆగమని చెప్పాను. సోమవారం ఆ చెల్లెలు బెల్ మోగాకే గేటుకు వచ్చింది. పదిహేను రోజుల గడువు తీరాక ప్లాంటు వాళ్ళు పేజీని తీసుకున్నారు.

పాఠం చెప్పేటప్పుడు ఈ సంగతిలో సగమే చెబుతాను. లెక్కబెట్టుకోగలిగినదాన్ని స్టేట్‌లో దాచుకోకూడదు, దాచుకుంటే అసలు దాంతో తేడా వచ్చి తీరుతుంది. పరీక్షకు అంతవరకు చాలు. మిగతా సగం పరీక్షలో రాదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. ఆ రోజు నా తెరను నమ్మకుండా ఎండలో నిలబడిన వాళ్ళలో ఎవరూ ఏమీ పోగొట్టుకోలేదు. రెండు క్రేట్లు పోయింది నమ్మిన ఒక్క మనిషికే.