ఖుద్సియా ఆపా, ఆరు ఖాళీలు

పక్కింటి ఖుద్సియా ఆపా కంప్యూటర్ ప్రోగ్రాం కాగితాలను కింది నుంచి పైకి చదివేది. పైనుంచి చదివితే రాసినవాడు నడిపించినట్టే నడుస్తామట. కింది నుంచి వస్తే ప్రతి వరుసా తానెందుకు ఉందో తానే చెప్పుకోవాలట. అంచుల్లో చిల్లులున్న ఆ పొడవాటి కాగితాలను వాకిట్లో నవారు మంచం మీద పరిచి, చెవి మీది పెన్సిల్ తీసి ఆమె చదువుతుంటే, గోడకు ఇవతల ఉన్న మాకు కాగితం మడతల చప్పుడు వినిపించేది.

వాళ్ల నాన్న ఉస్మాన్ బొంబాయి రోడ్డు మీద లారీలు బాగుచేసేవాడు. కూతురు పదో తరగతి పాసయ్యాక బస్టాండు దగ్గర టైపు నేర్పించాడు. ఆ టైపుతోనే ఆమెకు ఊరి బయటి చక్కెర ఫ్యాక్టరీలో ఉద్యోగం దొరికింది. చెరకు ఆఫీసులో టైపిస్టు. ఎనభై అయిదులో ఆ ఆఫీసుకు కంప్యూటర్ వచ్చినప్పుడు, చెడిపోతే తమ మీదికి వస్తుందని మగవాళ్లెవరూ దాని ముందు కూర్చోలేదు. మీటలు కొట్టడం వచ్చిన మనిషి కదా అని ఈమెను కూర్చోబెట్టారు. హైదరాబాదు నుంచి వచ్చినవాళ్లు నేర్పింది కొంత, తాను తిప్పలు పడి నేర్చుకున్నది కొంత. రెండేళ్లలో ప్రోగ్రాములు రాసేదాకా వచ్చింది.

"లారీ ఆగిపోతే కింద దూరి చూడొచ్చు. నీ మిషన్ కిందెట్ల దూరుతవ్ బేటీ?" అని ఉస్మాన్ చాచా నవ్వేవాడు.

"కాగితం కిందికెళ్లి దూరుతున్న గద అబ్బా" అనేది ఆమె.

కంప్యూటర్ పని చెప్పుకోవడానికి చిన్నదే. ఏ రైతు చెరకు ఎప్పుడు నాటాడో రాసి పెట్టుకుంటే, నాటిన వరుస ప్రకారం కోత పర్మిట్లు అచ్చు వేసి ఇస్తుంది. పర్మిట్టు వచ్చేదాకా ఎవరూ చెరకు కొట్టకూడదు, కొట్టినా ఫ్యాక్టరీ గేటు లోపలికి రానివ్వదు. ఒక్కో రైతుకు ఒక్కో వరుస. పేరు, ఊరు, నాటిన తేదీ, ఎన్ని ఎకరాలు, చివర ఆరు గళ్లలో భూమి సర్వే నంబరు.

చిక్కంతా ఆ చివరి గళ్ల దగ్గరే వచ్చింది. మా వైపు చెరకు వేసేవాళ్లలో కౌలుదార్లు చాలామంది. కౌలుకిచ్చిన పటేళ్లు నంబరు చెప్పేవాళ్లు కాదు. కౌలుదారు పేరు పక్కన సర్వే నంబరు ఎక్కితే రేపు భూమి నాదని కోర్టుకు పోతాడని వాళ్ల భయం. చిరాగ్‌పల్లి ఎల్లమ్మకు రెండెకరాలు కౌలుకిచ్చిన రామ్‌కిషన్ పటేల్ అదే మాట మొహం మీదే అన్నాడట: "పేరు నీదే రాయించుకో, నేనొద్దన్ననా? నంబరు మాత్రం ఇయ్య." నంబరు లేకపోతే పేరు ఎక్కదన్నారు ఆఫీసులో. ఎల్లమ్మ మెట్ల మీద కూర్చుని లేవలేదు. అప్పుడు ఖుద్సియా ఆపాయే చెరకు ఆఫీసర్ అమర్నాథ్‌ను ఒప్పించి, నంబరు ఉండాల్సిన చోట ఆరు ఖాళీలు కొట్టి ఆమె పేరు ఎక్కించింది. ఆ తర్వాత దేవమ్మ, నాగప్ప, ఇంకా ఎందరో. ఖాళీలు కొట్టిన ప్రతివాళ్లకూ ఆమె ఒకటే చెప్పేది: "నంబరు లేకున్నా మీ పేరు పోదు. నా జిమ్మా, పూచీ నాది."

జగన్‌మోహన్ మరుసటి ఏడు ఆ మిషన్ పనికే రెండో మనిషిగా వచ్చాడు. న్యాల్‌కల్ అబ్బాయి, బీయస్సీ చదివాడు, తెలివిగలవాడు. రెండు వేళ్లతో టైపు కొట్టేవాడు. ఆపా పక్కన కూర్చోబెట్టుకుని పది వేళ్లూ నేర్పింది. ఊరికి పోయి వచ్చినప్పుడల్లా వాళ్ల చేనులోని అల్లం సంచిలో తెచ్చి ఆపా వాళ్లమ్మ గౌహర్ బేగంకు ఇచ్చేవాడు. ఆమెను అమ్మీ అనేవాడు. ఆమె చేతి బగారా అన్నం తిని, "అమ్మీ, మీ బిడ్డ మిషన్ కాడ తిడ్తది, మీరిక్కడ తినిపిస్తరు, లెక్క సరిపోయింది" అనేవాడు. ముసలమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వేది.

ఆఫీసులో ఒక నియమం ఉండేది. ఒకరు ప్రోగ్రాం మారిస్తే ఇంకొకరు చదివి, మార్పు కాగితం మీద సంతకం పెట్టాలి. ఇద్దరి సంతకాలూ లేనిదే కొత్తది మిషన్‌లోకి ఎక్కకూడదు. ఉన్నదే ఇద్దరు కాబట్టి ఒకరు సెలవు పెడితే పని ఆగిపోయేది. అందుకని సెలవు మీద పోయేవాళ్లు ఖాళీ మార్పు కాగితం మీద సంతకం పెట్టి రెండోవాళ్ల సొరుగులో ఉంచి పోయేవాళ్లు. మిషన్ మొరాయించి పని నిలిచిపోతేనే దాన్ని వాడాలి. అది ఎక్కడా రాసుకున్న మాట కాదు, వాళ్లిద్దరి మధ్య నమ్మకం. జగన్‌మోహన్ పెట్టిపోయిన కాగితాన్ని ఆపా ఎన్నడూ వాడలేదు. అతను తిరిగి రాగానే చింపి అతని చేతిలోనే పెట్టేది.

ఎనభై ఏడు సీజను మొదట్లో ఒక ఆదివారం అతను కాగితాల చుట్టతో ఇంటికి వచ్చాడు. నేను అప్పుడు ఆపా దగ్గరే కూర్చుని ఉన్నాను.

"ఆపా, ఫ్లాపీలు నిండిపోతున్నయి. చూస్తే ఏముంది, శాన వరుసల చివర ఖాళీలే ఖాళీలు. అవి కత్తిరించి దాచేటట్టు చేసిన. జర జాగ మిగుల్తది. హైదరాబాదు సార్లు తనిఖీకి వచ్చేసరికి అన్ని ఊర్లు ఒకటే ఫ్లాపీల పడ్తయి. జర చూసి సంతకం పెట్టు."

ఆపా చుట్ట విప్పి చివరి కాగితం నుంచి మొదలుపెట్టింది. అతను టీ తాగి, గౌహర్ బేగంతో పావుగంట ముచ్చట పెట్టి వచ్చాడు. అప్పటికే ఆపా పెన్సిల్‌తో ఒక వరుస కింద గీత గీసి పెట్టింది.

"ఈ చివరి ఖాళీలల్ల ఏమున్నదో చూసినవా?"

"ఖాళీల ఏముంటది ఆపా?"

"కౌలుదార్లున్నరు."

అతను నవ్వాడు. "కానరాని మనుషులా?"

"నవ్వకు, ఇను. కరెంటు పోయినప్పుడల్లా సగం రాసిన వరుసలు పడ్తున్నయని చెక్ ప్రోగ్రాం పెట్టుకున్నం గద? వరుస పొట్టిగుంటే అది చెడిపోయిందని పక్కకు నెట్టేస్తది, నోరు గూడ మెదపది. నువ్వు ఖాళీలు కత్తిరిస్తే నంబరున్నోళ్లకు ఏం గాదు. ఎల్లమ్మ వరుస ఆరు గళ్లు పొట్టిగైతది. మిషన్ ఆమెను చెడిపోయిన వరుస అనుకుంటది. పర్మిట్టు రాదు."

అతను కాసేపు తల గోక్కున్నాడు. "అరె, అవు గద."

"కత్తిరించుడు తప్పని అంటలేను. కాగితం మీద అచ్చు కొట్టేటప్పుడు కత్తిరించు, మంచిగ కనబడ్తది. దాచేటప్పుడు మాత్రం ముట్టకు. దాచేటప్పుడు గూడ కావాల్నంటే ముందుగాల చెక్ ప్రోగ్రాం మార్చాలె, రెండు కలిపి పరీక్ష చెయ్యాలె. సీజన్ల వద్దు. ఎండకాలం చేద్దాం."

"అట్లనే ఆపా. నువ్ జెప్పినంక ఇంకేముంది" అని చుట్ట చుట్టుకుని పోయాడు.

ఆ తర్వాత కొద్ది రోజులకే బీదర్‌లో ఆమె చిన్నమ్మ కూతురి పెళ్లి పడింది. ఎప్పటిలాగే సంతకం పెట్టిన ఖాళీ కాగితం అతని సొరుగులో పెట్టి, అమ్మను తీసుకుని బీదర్ బస్సెక్కింది.

తిరిగి వచ్చేసరికి ఆఫీసులో సందడిగా ఉంది. హైదరాబాదు సార్లు వచ్చి మెచ్చుకుని పోయారు. సొరుగులో కాగితం లేదు. ఆపా అడిగితే, "మిషన్ జర లొల్లి పెట్టింది ఆపా, చిన్న రిపేరు చేసిన" అన్నాడు. ఆమె ఇంకేమీ అడగలేదు. ఆ ఒక్క కాగితం తెప్పించుకుని చూసి ఉంటే బాగుండేదని గౌహర్ బేగం తర్వాత చాలాసార్లు అంది. ఆపా మాత్రం, "జగన్ చెప్పినంక మళ్ల చూసుడేంది అమ్మీ?" అనేది. అప్పట్లో ఆమెకు అది నిజంగానే అవసరం లేని పని.

పర్మిట్లు వెళ్తూనే ఉన్నాయి. తమకు రాకపోతే కౌలుదార్లు తమ వంతు ఇంకా రాలేదనుకున్నారు. తమ కంటే వెనక నాటిన పటేళ్ల చెరకు లారీలెక్కుతుంటే అప్పుడు అనుమానం వచ్చింది. అప్పటికే చెరకు పూత వేసి ఎండుతోంది. ఎల్లమ్మ, దేవమ్మ, నాగప్ప, ఇంకా పదిమంది వచ్చి ఆఫీసు వాకిట్లో నిలబడ్డారు.

"మా పేర్లు యాడ పోయినయ్ సారూ?" అని ఎల్లమ్మ అరిచింది. "సచ్చిపోయినమా మేము?"

అమర్నాథ్ మిషన్‌లో వెతికించాడు. వాళ్లెవరూ లేరు. మార్పు కాగితాల ఫైలు తెప్పించాడు. పై కాగితం తీసి ఆపా ముందు పెట్టాడు. 'వరుస చివరి ఖాళీల తొలగింపు' అని జగన్‌మోహన్ చేతిరాత. పరిశీలించి ఆమోదించినవారు అన్నచోట ఖుద్సియా సంతకం.

"ఈ సంతకం నీదేనామ్మా?"

"నాదే సార్. కాని ఈ మార్పు నేను వద్దన్న."

"వద్దన్నదానికి సంతకం ఎట్ల పెట్టినవ్?"

ఆమె జగన్‌మోహన్ వైపు చూసింది. ఖాళీ కాగితం సంగతి అతనే చెబుతాడని చూసింది. అతను బల్ల మీది గాజు కింద ఉన్న క్యాలెండర్ చూస్తూ, "ఆపా చూసినంకనే ఎక్కించిన సార్" అన్నాడు. అందులో ఒక్క ముక్క అబద్ధం లేదు. ఆపా చూసింది, తర్వాతే అతను ఎక్కించాడు.

ఆమె తన వైపు మాట చెప్పింది. ఖాళీ కాగితం మీద సంతకం పెట్టానంటే అమర్నాథ్‌కు కోపం ఇంకా పెరిగింది. వాకిట్లో ఉన్నవాళ్లకు అంత దూరం వినబడలేదు. వాళ్లకు తెలిసింది ఒకటే: తమ పేర్లు తీసేసిన కాగితం మీద ఖుద్సియా సంతకం ఉంది. పటేళ్లతో కలిసి చేసిందన్న మాట ఆమె ఇల్లు చేరేలోపే బజారులో తిరిగింది.

ఆ రోజే పాత ఫ్లాపీలు పెట్టి ఆమె అందరి వరుసలూ వెనక్కి తెచ్చింది. పర్మిట్లు అచ్చయ్యాయి. చెరకు కోశారు, కానీ ఎండిన చెరకు తూకం ఏం తూగుతుంది. ఆమెను తిరిగి టైపు సెక్షన్‌కు పంపించారు. మిషన్ జగన్‌మోహన్ చేతికి వచ్చింది.

వారం తర్వాత అతను ఇంటికి వచ్చాడు. చేతిలో అల్లం సంచి ఉంది. గౌహర్ బేగం దాన్ని అందుకోలేదు. సంచి గడప మీదే ఉండిపోయింది.

"నా నౌకరీ కన్ఫర్మ్ చేసే నెల ఆపా" అన్నాడు. "హైదరాబాదు సార్ల ముందట ఒకటే ఫ్లాపీల చూపిస్తే అయిపోతదనుకున్న. వాళ్లు పోంగనే మళ్ల పాతది ఎక్కిద్దామనుకున్న. పనిల పడి మర్చిన. నీ మీదికి వస్తదని అనుకోలె."

"వచ్చినప్పుడన్న నోరిప్పకపోతివి."

అతను గడప మీది సంచిని పక్కకు జరిపాడు.

"అమర్నాథ్ సార్‌కు చెప్పకు" అంది ఆపా. "నీ నౌకరీ నీకుండని. నాకు మిషన్ వద్దు, ఏమొద్దు. ఆ కౌలుదార్లకు నేను జిమ్మా అన్న. ఎల్లమ్మకు ఒక్క మాట చెప్పు, ఇది ఖుద్సియా చెయ్యలేదని. ఆమెకు చెప్తే అందరికి తెలుస్తది."

"చెప్త ఆపా, ఒట్టు. ఆదివారం నేనే వస్త. చిరాగ్‌పల్లి బస్సు స్టేజి కాడ కలుద్దాం."

ఆదివారం ఆపా నన్ను తోడు తీసుకుపోయింది. స్టేజి దగ్గర దిగి రోడ్డు పక్కన నిలబడ్డాం. న్యాల్‌కల్ వైపు నుంచి వచ్చే బస్సులన్నీ చూశాం. ఆపా ప్రతి బస్సుకూ రెండడుగులు ముందుకు వేసేది. ఎండ నెత్తికెక్కాక, "పోదాం పా" అంది. ఇంటికనుకున్నాను. ఆమె చేను దారి పట్టింది.

ఎల్లమ్మ ఎండిన చెరకాకు కుప్ప వేస్తోంది. మమ్మల్ని చూసి ఆగలేదు.

"ఎవలో వస్తరు, అంత జెప్తరు అని కబురు పంపితివి. యాడున్నరు?"

"రాలె ఎల్లమ్మా."

"మరి సంతకం నీదేనా, కాదా?"

"నాదే. కాని ఏం రాస్తరో తెల్వకముందు పెట్టిన. వద్దని జెప్పిన. జగన్‌మోహన్..."

"జగన్‌మోహన్ సార్‌ను ఏమనకు" అంది ఎల్లమ్మ. "మొన్న నేను ఆఫీసుకు పోతే కుర్సీ ఏసి కూసోబెట్టిండు. 'తప్పైంది ఎల్లమ్మా, వచ్చే యేడు నీ పేరు నేనే దగ్గరుండి రాస్త' అన్నడు. నువ్వు మెట్ల మీదికెళ్లి లేపి నా పేరు రాస్తివి, నువ్వే తీసేస్తివి. ఇగ నా పేరు నువ్ ముట్టకు బిడ్డా. గాయనతోనే రాయించుకుంట."

తప్పైందని అన్నాడట. ఎవరి తప్పో అనలేదట.

ఆపా ముఖం చూసే ధైర్యం లేక నేను చెరకు మోళ్ల వైపు చూస్తున్నాను. "రాయించుకో" అంది ఆపా. "రాయించుకున్నప్పుడు నీ వరుస చివరికి ఆరు ఖాళీలు కొట్టిండా అని అడుగు."

"ఖాళీలు కొట్టిండో లేదో నాకేం కానొస్తది?"

ఆపా గట్టు మీద కూర్చుంది. ఒక పుల్ల తీసుకుని మట్టిలో గీతలు గీస్తూ, మొదట పేరు, తర్వాత ఊరు, తర్వాత తేదీ అని చెప్పడం మొదలుపెట్టింది. పక్కన పటేలు వరుస ఒకటి గీసి, రెండూ చివర ఒకచోటే ఆగాలని, తెర మీద గుర్తు ఎక్కడిదాకా పోయి ఆగుతుందో వేలు పెట్టి చూపించమనాలని చెప్పింది. ఎల్లమ్మ చేతిలో ఆకు మోపుతో నిలబడే ఉంది. వింటోందో లేదో తెలియలేదు. ఆపా మాత్రం రెండో గీత చెరిపి, ఇంకాస్త పెద్దగా మళ్లీ మొదటి నుంచి గీసింది.