ఐదు వాటాల హోమ్ థియేటర్

నంద్యాల కొత్తగా జిల్లా కేంద్రమైన ఏడాది వేసవిలో నన్ను అక్కడి సర్వీసు సెంటరుకు సీనియర్ ఇంజనీరుగా వేశారు. సంజామల నుంచి సున్నిపెంట దాకా ఎవరింట్లో హోమ్ థియేటర్ మూగబోయినా నేనే వెళ్లాలి. రిటైర్మెంటుకు రెండేళ్లే ఉంది. ఇక నాకు తెలియని ఫాల్టు ఉండదని గట్టి ధీమా. ఆ ధీమా ఆళ్లగడ్డలో ఒక ఇంట్లో దిగిపోయింది.

కంప్లైంటు షీటులో ఇలా ఉంది: ‘5.1 సెట్టు. నాలుగు స్పీకర్లు సరిగా పలకడం లేదు. కస్టమర్లు ఐదుగురు.’

5.1 అంటే ఐదు స్పీకర్లు, ఒక సబ్ వూఫర్. టీవీ కింద మధ్యలో పెట్టేది సెంటర్, మాటలు దాదాపు అన్నీ దాంట్లోంచే వస్తాయి. దానికి అటూ ఇటూ ఉండే ఫ్రంట్ స్పీకర్లలో పాటలు, ఫైటింగులు. మన వెనకపక్క ఉండే సరౌండ్ స్పీకర్లలో వాన, గాలి, జనం గోల. సబ్ వూఫర్ పని దడదడలాడించడం, ఆ ‘పాయింట్ వన్’ అదే. ఎవరికి ఏ సౌండు పోవాలో పంచే పెట్టెను రిసీవర్ అంటాం. ఐదు స్పీకర్లూ ఒకే గదిలో మన చుట్టూ ఉంటేనే అది హోమ్ థియేటర్.

అక్కడ ఐదూ ఐదు ఇళ్లలో ఉన్నాయి.

తండ్రి పోయాక ఐదుగురు అన్నదమ్ములు పొలాలు పంచుకుని, పెద్దింటికి అడ్డగోడలు లేపి ఐదు వాటాలు చేసుకున్నారు. తండ్రి ముచ్చటపడి కొన్న ఈ సెట్టును ఒక్కరికే ఇవ్వడం కుదరక, తలా ఒక స్పీకరు అని పెద్దమనుషులు తీర్పు చెప్పారట. అన్నింటికన్నా పొడుగ్గా ఉన్నది కాబట్టి సెంటర్ పెద్దకొడుక్కు. మిగతా నాలుగింటికీ చీట్లు వేశారు. రిసీవరూ, సబ్ వూఫరూ తల్లి గదిలో ఉంచారు. ఎలక్ట్రీషియన్ గోడలకు కన్నాలు పెట్టి వైర్లు లాగి, స్ప్లిటరుతో బొమ్మను ఐదు టీవీలకూ పంచాడు. నిజం చెప్పాలంటే పనితనం శుభ్రంగా ఉంది.

రోజూ సాయంత్రం తల్లి తన గదిలోంచి సినిమా పెట్టేది. నాలుగో ఆయనకు చీటీలో ఎడమ సరౌండ్ వచ్చింది. “మూడు గంటల సినిమాకు నాకొచ్చింది రెండు వానలు, ఒక రైలు కూత. ఇది యాడి న్యాయం సార్? మా పెద్దన్న నా స్పీకరు మార్చినాడు” అన్నాడు. ఆ రోజే తేలకపోతే తండ్రి సంవత్సరీకం తాను వేరుగా చేసుకుంటానని అందరి ముందూ చెప్పాడు. తల్లి లేచి నా దగ్గరికొచ్చింది. తొందరగా బాగు చెయ్ నాయనా అని నా చెయ్యి పట్టుకుంది.

పద్ధతి ప్రకారం టెస్ట్ టోన్ పెట్టాను. రిసీవరు ఒక్కో స్పీకరుకూ వరసగా బుస్సుమనే శబ్దం పంపుతుంది. ఐదూ సమానంగా బుస్సుమన్నాయి.

“బుస్సుమనేదానికి అందరమూ సమానమే. మాటలొచ్చేతలికి మా యన్నకేనా?” అన్నాడు నాలుగో ఆయన.

కాగితం మీద గది గీసి, సరౌండ్ శబ్దం వెనక నుంచి రావాలని వివరించాను. వెనకమాల వచ్చేదాన్ని వాటా అంటారా అని ఐదో ఆయన అడిగాడు. పాయింట్ వన్ గురించి చెప్పేసరికి, కన్నతల్లికి పాయింట్ ఒకటేనా అని ఆమె కూడా నొచ్చుకుంది.

సినిమా పెట్టించి చూశాను. తెర మీద ఎవరైనా పెదవులు కదిపితే చాలు, నలుగురు తమ్ముళ్లూ పెద్దాయన గదికి పరుగెత్తుకొచ్చేవాళ్లు. “ఏమన్న్యాడు?” అని అడగడం, ఆయన చెప్పడం, అట్లా అనుండడని వీళ్లు కొట్లాడడం. ఆ పూట అట్లా పదిసార్లయినా జరిగింది. దీన్ని కస్టమర్లకు కలుగుతున్న అసౌకర్యం కింద రాసుకున్నాను.

చివరికి రిసీవరును ‘ఆల్ చానల్ స్టీరియో’లో పెట్టాను. అంటే అన్ని స్పీకర్లలోనూ ఒకే సౌండు. మా వృత్తిలో ఇది పప్పూ పులుసూ మజ్జిగా ఒకే గిన్నెలో కలిపి వడ్డించడం. కానీ ఐదుగురూ సంతోషంగా సంతకాలు పెట్టారు. నంద్యాలలో మా మేనేజరు మెచ్చుకున్నాడు.

పది రోజులకు మళ్లీ కంప్లైంటు వచ్చింది. ఈసారి చేసింది తల్లి. వెళ్లేసరికి ఐదు తలుపులూ మూసి ఉన్నాయి, ఐదు ఇళ్లలోనూ సినిమా నడుస్తోంది.

“అన్నీ బాగుండాయి నాయనా. ముందు ఏమన్న్యాడని అడగనీకన్నా పెద్దోని తావకు పోతాండ్రి. ఇప్పుడు ఎవుని ఇంట్లో వాడు. నువ్వు చేసింది తీసెయ్” అంది.

నాకు సిగ్గేసింది. పెద్దమనుషులు సగంలో వదిలేసిన పంపకాన్ని నేను పూర్తి చేసి, పైగా సంతకాలు కూడా తీసుకున్నాను. రిసీవరును మళ్లీ సరౌండ్‌లోకి మార్చాను. షీటులో ‘చేసిన పని’ అన్నచోట ‘పాత ఫాల్టు తిరిగి పెట్టడమైనది’ అని రాశాను.

మర్నాడే నాలుగో ఆయన ఫోను, మళ్లీ మాటలు రావడం లేదని. పార్టు చెన్నై నుంచి రావాలి, అంతదాకా మాటలు మీ అన్ననడగండి అన్నాను. నోటికొచ్చినట్టు తిట్టాడు.

సంవత్సరీకం ఐదుగురూ కలిసే చేశారు. భోజనాలయ్యాక అక్కడే కూర్చుని నా మీద కంపెనీకి ఫిర్యాదు రాశారు. దాని మీద ఐదు సంతకాలూ ఉన్నాయి. నాకు మెమో వచ్చింది.

ఫాల్టు ఎక్కడుందో కనిపెట్టడం నాకు ఉద్యోగం మొదట్లోనే వచ్చింది. ఆ ఫాల్టు ఎవరికైనా పనికొస్తోందేమో అడగాలని మాత్రం ఆళ్లగడ్డలోనే తెలిసింది. మెమోకు జవాబుగా, పార్టు ఇంకా రాలేదని రాసిచ్చాను.