అన్నం మానేసిన సత్యవతి గారు

2003లో నేను భీమవరంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో డైటీషియన్‌గా పనిచేసేదాన్ని. రోగులు ఏం తినాలో, ఎంత తినాలో చెప్పడం నా పని. మొగల్తూరు దగ్గరి పల్లె నుంచి వచ్చిన సత్యవతి గారిని సర్జన్ నా దగ్గరకు పంపారు. నలభై ఆరేళ్ల మనిషి. బుట్ట నెత్తిన పెట్టుకుని ఊరూరా చేపలు అమ్మేవారు. పొట్ట కండరాలు బలహీనపడి పేగు బయటికి ఉబికింది. దాన్నే హెర్నియా అంటారు. ఇక బుట్ట ఎత్తలేకపోతున్నారు. ఎనభై నాలుగు కిలోలున్న ఆవిడ కనీసం ఎనిమిది తగ్గితేగానీ ఆపరేషన్ చేయనన్నారు సర్జన్.

నేనొక డైట్ చార్టు రాసిచ్చాను. మూడు వారాల్లో ఐదు కిలోలు తగ్గి వచ్చారు.

"మీ చార్టు కాదండి. మా వీధిలో ఒకావిడ అన్నం మానేసి సన్నబడిందండి. నేనూ మానేశాను. చేపలు, గుడ్లు, కూరలు, అంతే."

అంకె చూసి నాకూ సంతోషమేసింది. "భేష్, ఇలాగే కానివ్వండి" అన్నాను. ఎన్నాళ్లు ఇలా తినగలరని మాత్రం అడగలేదు.

తర్వాత రెండు నెలలు ఆవిడ రాలేదు. చివరికి భర్త నాగేశ్వరరావు గారు వెంటబెట్టుకొచ్చారు. బరువు ఎనభై మూడు. ఆవిడ మెషిన్ దిగుతూనే ఏడ్చేశారు.

"ఆపరేషన్ వద్దులెండి. నాలాంటి తిండిపోతుకి ఎందుకండీ?"

"తిండిపోతేంటండీ!" అన్నారు ఆయన. "నెలన్నర మెతుకు ముట్టలేదు. మేం తింటుంటే వాకిట్లోకెళ్లి కూర్చునేది. అయినా బరువు కదలడం మానేసింది. మా బావమరిది కూతురి పెళ్లిలో రెండు పూటలు అన్నం తింటే, రెండు కిలోలు పెరిగిపోయిందండి. ఇక నావల్ల కాదని అంతా వదిలేసింది."

"ఆ రెండు కిలోలు కొవ్వు కాదండి, చాలావరకు నీళ్లే" అన్నాను. అన్నంలోని పిండిపదార్థాన్ని శరీరం గ్లైకోజెన్‌గా మార్చి, నీటితో కలిపి కండరాల్లో, కాలేయంలో దాస్తుంది. అన్నం మానగానే ఆ నిల్వ తరిగి, నీళ్లూ పోతాయి. అందుకే మొదట్లో బరువు గబగబా తగ్గుతుంది. మళ్లీ తింటే నీళ్లు తిరిగొస్తాయి. పైగా మనిషి తగ్గేకొద్దీ మెటబాలిజం, అంటే శరీరం రోజూ ఖర్చుపెట్టే శక్తి, కూడా తగ్గుతుంది. కొన్నాళ్లకు బరువు తగ్గడం నెమ్మదించడం మామూలే.

ఆవిడ కళ్లు తుడుచుకున్నారు. "అయితే నా తప్పు కాదాండీ?"

"తప్పు నాదండి. ఈ మాట నేను మొదటే చెప్పాల్సింది."

ఈసారి చార్టు ఇద్దరం కూర్చుని రాశాం. అన్నం లేకుండా చేపల పులుసు గొంతు దిగదన్నారు. మధ్యాహ్నం ఒక కప్పు అన్నం, రాత్రి అందులో సగం. చేపలూ కూరలూ ఎక్కువ. నెలకి కిలో, కిలోన్నర చొప్పున తగ్గారు. ఒక నెల అసలు తగ్గలేదు. అయినా వచ్చారు. ఏడో నెలలో ఆపరేషన్ జరిగింది. రెండేళ్ల తర్వాత చూపించుకోవడానికి వచ్చినప్పుడు డెబ్బై ఐదు. ఇప్పుడు బుట్ట ఎత్తడం లేదనీ, నరసాపురం మార్కెట్లో కూర్చుని అమ్ముతున్నాననీ చెప్పారు.

అన్నం తగ్గించి ఏళ్ల తరబడి హాయిగా ఉన్నవాళ్లనూ చూశాను. ఆ తిండి వాళ్లకు సరిపడింది, ఈవిడకు సరిపడలేదు. నన్ను బాధపెట్టేది వేరొకటి. సత్యవతి గారిని భర్త లాక్కొచ్చారు కాబట్టి సరిపోయింది. అంతకుముందు నేను మెచ్చుకుని పంపినవాళ్లలో ఎంతమంది సిగ్గుపడి ఇళ్లలోనే ఉండిపోయారో నాకు తెలియదు. ఆ ఏడాది నుంచి, రావడం మానేసినవాళ్లకు నేనే ఫోన్ చేయడం మొదలుపెట్టాను.