సత్తెమ్మక్క బూడిద రంగు గడి

నిన్న పొద్దున ఆఫీసుకు రాగానే డాష్‌బోర్డ్ తెరిచాను. అన్ని గడులూ పచ్చగా ఉన్నాయి, ఒక్కటి తప్ప. వర్గల్ దగ్గర ఒక చిన్న ఊరి పాల సెంటర్ గడి పసుపు రంగులో ఉంది.

పసుపు అంటే, ఎంట్రీ రాలేదు, ఫోన్ చేసి అడుగు అని.

చేశాను. సత్తెమ్మక్క ఫోన్ ఆమె కోడలు స్వప్న ఎత్తింది.

"అత్తమ్మ పోయింది అన్నా. పొద్దుగాల్ల లేపితే లేవలే."

మొన్ననే కదా నన్ను తిట్టింది, ఫోన్‌లో తన బూడిద రంగు సరిగ్గా కనిపించట్లేదని.

తెలియనివాళ్ల కోసం చెప్తాను. నేను సిద్దిపేటలో ఒక డెయిరీకి వెబ్ డిజైన్ పని చేస్తాను. ఊళ్లలోని సెంటర్లు పూటపూటా లీటర్లు, వెన్న శాతం పంపుతాయి. ఆ డేటా సరిగ్గా వస్తోందా లేదా చూపించే డాష్‌బోర్డ్ చేసింది నేనే. సత్తెమ్మక్క వాళ్ల ఊరి సెంటర్ నడిపేది.

మొదటి డిజైన్‌లో రెండే రంగులు. ఎంట్రీ ఉంటే పచ్చ, ఖాళీ ఉంటే ఎరుపు. చాలా క్లీన్‌గా ఉందని మురిసిపోయాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

కొన్ని నెలల్లో దాదాపు ఊళ్లన్నీ పచ్చబడ్డాయి. ఆఫీసులో సమోసాలు తెప్పించుకుని తిన్నాం.

సత్తెమ్మక్క ఊరు మాత్రం ప్రతి నెలా ఎర్రబడేది. "ఆ సెంటర్ మూసేసి పక్క ఊళ్లో కలిపేద్దాం, రిపోర్ట్ రెడీ చెయ్" అన్నాడు మేనేజర్.

రిపోర్ట్ టైప్ చేస్తున్న రోజే, ఆ మాట విని, ఆమె ఆఫీసుకు దిగింది. పొద్దుటి పాలు పంపించి, బస్సెక్కి, అట్ట ఊడిన నోట్‌బుక్ చంకలో పెట్టుకుని.

"అమాస నాడు మా దిక్కు పాలు అమ్మరు తమ్మీ. ఇంట్ల పరమాన్నం వండుకుంటరు. ఊళ్లె ఎవలన్న పోయిననాడు సుత సెంటర్ తెరువం. మరి ఖాళీ ఉంచక ఏం రాయాలె?"

"సున్నా వేయొచ్చు కదక్కా" అన్నాను.

"సున్నా అంటే తెరిచిన, ఎవలు రాలే అని. నేను తెరువనే లేదు గద."

ఆమె అప్పటికే స్క్రీన్ మీద పక్క ఊళ్లు చూస్తోంది.

"గీ ఊరోళ్లు సుత అమాసకు అమ్మరు. మరి వీళ్లది పచ్చగ ఎట్లుంది?"

తెరిచి చూశాను. అమావాస్య నాడు ముందురోజు లెక్కే ఉంది. లీటర్లు అవే, వెన్న శాతం పాయింట్లతో సహా అదే. ఇంకో ఊరు తెరిచాను. అక్కడా అంతే.

మా ఎరుపుకి భయపడి అందరూ ఖాళీ నింపేశారు. మేం సమోసాలు తిన్నది ఆ లెక్కలు చూసి. నిజం రాసింది ఒక్క సత్తెమ్మక్క. మూసేద్దామనుకున్నది ఆమె సెంటర్.

నిజంగా సిగ్గేసింది.

"వాళ్లనేం అనకు తమ్మీ. అడుగకుండనే తప్పు అంటే ఎవలైనా గట్లనే రాస్తరు. ముందుగాల ఒక్క ఫోన్ చెయ్యరాదు?"

మేనేజర్‌కు ఆమె నోట్‌బుక్ చూపించాను. "అయితే ఆ రిపోర్ట్ వద్దులే" అన్నాడు. రిపోర్ట్ డిలీట్ చేశాను.

ఆ వారమే డిజైన్ మార్చాను. ఎరుపు తీసేశాను. ఖాళీ వస్తే ముందు పసుపు, అంటే ఫోన్ చేయాలి. కారణం తెలిశాక బూడిద రంగు. గడి నొక్కితే ఆ కారణం వాళ్ల మాటల్లోనే కనిపిస్తుంది.

బూడిద రంగు ఆమె చెప్పిందే. "పొయ్యి పాడు గాలే తమ్మీ, ఇయ్యాల ఆరింది అంతే" అంది.

తర్వాతి అమావాస్యకు స్క్రీన్ నిండా బూడిదే. నా ఉద్యోగంలో నాకు బాగా నచ్చిన రోజు అది. ఆమెకు ఫొటో పంపితే వెంటనే ఫోన్ చేసింది.

"గిప్పుడు మా ఊర్లు మా ఊర్ల లెక్కనే కనవడుతున్నయ్."

అప్పటినుంచి ఏ సెంటర్‌లో కొత్తవాళ్లు చేరినా నేర్పించేది ఆమే. "నా రంగు" అని చెప్పుకునేది. ఆ గర్వం చూస్తే నాకు ముచ్చటేసేది.

నిన్న మధ్యాహ్నం వాళ్ల ఊరికి వెళ్లి ఆమెను చూసొచ్చాను. నిద్రపోతున్నట్టే ఉంది.

ఈ పొద్దున మళ్లీ డాష్‌బోర్డ్ తెరిచాను. నిన్నటి పసుపు గడి బూడిద రంగులోకి మారి ఉంది. స్వప్న కారణం రాసింది: "సత్తెమ్మ పోయింది. సెంటర్ తెరువలే."

నిన్న సాయంత్రం పూటకు ఇంకో నాలుగు గడులు కూడా బూడిద రంగులో ఉన్నాయి. ఒకప్పుడు ఎరుపుకి భయపడి ఖాళీ నింపిన పక్క ఊళ్లే అవి.

ఒక్కొక్కటీ నొక్కి చూశాను. నాలుగింటిలోనూ ఒకే మాట.

"సత్తెమ్మక్క సావుకు పోయినం."

వెళ్లిరా అక్కా. నీ లెక్క సరిగ్గానే ఉంది. ఇక చల్లగా నిద్రపో.